ఫ్రెంచి రాణి వయసు

మొన్న ఒక కుర్ర మాస్టారు ఫోన్ చేశాడు. గురజాల దగ్గర నేను ఎనభైల్లో సోషల్ చెప్పిన హైస్కూల్లోనే ఇప్పుడు ఆయన సోషల్ చెబుతున్నాడట.

"సార్, వార్షికోత్సవం పెట్టుకున్నాం. మీ ఫ్రెంచి రాణి ఐటమ్ మళ్ళీ వేస్తున్నాం. థర్మాకోల్‌తో గిలెటిన్ చేయించాం సార్, అసలుదిలాగే వచ్చింది. రాణి వేషం నాకంటే నాకని ఆడపిల్లలు కొట్టుకుంటున్నారు. మీరొచ్చి, నాటకంతో బాల్యవివాహం ఎట్టా ఆపారో రెండు ముక్కలు చెప్పాలి. రాలేకపోతే రాసి పంపండి, సావనీర్‌లో వేస్తాం."

వేస్తారట! వేయండి. ఇదిగో రాస్తున్నాను. రెండు ముక్కలు కాదు, మొత్తం రాస్తున్నాను. జాగా చాలలేదని మధ్యలో కత్తిరిస్తే మాత్రం ఊరుకోను.

ముందుగా, ఇన్నేళ్ళూ నేను చెప్పుకుంటూ వచ్చిన పద్ధతిలోనే చెబుతాను. రెండు వేల మంది జనం. వేదిక మీద రెండు ఊళ్ళ పెద్దలు. పద్నాలుగేళ్ళ మా స్కూలు పిల్ల ఫ్రెంచి రాణి వేషంలో నేను రాసిన మాటలు చెబుతుంటే ఆడవాళ్ళు కొంగులతో కళ్ళొత్తుకున్నారు. ఆ పిల్ల తండ్రి వేదిక దిగి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని, "మాస్టారూ, నా కళ్ళు తెరిపించావు, ఈ పెళ్ళి చెయ్యను" అన్నాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

బాగుంది కదూ? నా పదవీ విరమణ సభలో ఈ కథ చెబితే ముందు వరుసలో ఉన్న అధికారి ఒకాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

ఇందులో నిజాలు రెండు. పిల్లకు పద్నాలుగేళ్ళన్నది నిజం. చప్పట్లు నిజం. జనం రెండు వేలు కాదు, ఐదొందలు ఉంటారేమో. అందులో సగానికి పైగా మా స్కూలు పిల్లలే. మధ్యలో లేచి వెళ్తే మర్నాడు బెత్తం పడుతుందని కూర్చున్నవాళ్ళు. మిగతా సంగతి కింద రాస్తాను. చదువుతున్న కుర్ర మాస్టర్లు కొంచెం ఓపిక పట్టాలి. నాకే ఒళ్ళు మండుతోంది, మీకూ మండాలని నా కోరిక.

తొమ్మిదో తరగతి పుస్తకంలో ఫ్రెంచి విప్లవం పాఠం ఉండేది. అందులో రాణి గురించి ఉన్నది నాలుగంటే నాలుగు లైన్లు. విలాసాలు, దుబారా, ప్రజల ద్వేషం, శిరచ్ఛేదం. ఆ నాలుగు లైన్లను నేను నాలుగు పీరియడ్లు చేశాను. పన్నులు ఎవరు కట్టారు, ఎవరు కట్టకుండా తప్పించుకున్నారు అని మొదలుపెడితే వెనక బెంచీ నిద్రపోయేది. అసలు విప్లవానికి కారణం అక్కడే ఉంది, అయినా నిద్రపోయేది. "రాణి" అన్నానో లేదో నిటారుగా లేచేది. ఇంక నేనెందుకు పన్నుల జోలికి పోతాను? రాణి పెళ్ళికి బంగారు బండ్లు కట్టాను. బాణాసంచా కాల్పించాను. రాణి జడలో ఓడలు పెట్టాను. పెళ్ళికొడుకు రాకుండానే పెళ్ళయిందనీ, పుట్టింట్లో పీటల మీద రాణి పక్కన ఆమె అన్నే పెళ్ళికొడుకు బదులు నిలబడ్డాడనీ చెబితే పిల్లలు పొర్లి పొర్లి నవ్వేవారు. ఆ ఒక్కటీ నిజమేనని తర్వాతెప్పుడో తెలిసింది. ఎవరో చెబితే విని, అబద్ధమనుకునే చెప్పాను.

చివరి పీరియడ్‌లో తల తీయడం. బల్ల అంచున పొడుగాటి సుద్దముక్క పెట్టేవాణ్ణి. అది రాణి. పలకను నిలువుగా పైకెత్తి, "రొట్టె లేకపోతే కేకు తినమన్నావు కదూ!" అని ఠప్పున దించేవాణ్ణి. తెగిన సుద్ద కింద పడేది. దానికోసం ముందు బెంచీల వాళ్ళు ఒకరి మీద ఒకరు పడేవారు. "రాణి తలకాయ నాకు దొరికింది!" అని జేబులో వేసుకుని తిరిగేవారు. ఎనిమిదో తరగతి వాళ్ళు కిటికీల దగ్గర నిలబడి చూసేవారు. హెడ్మాస్టరు గారు వరండాలో నడుస్తూ ఆగి, చూడనట్టు చూసేవారు.

అది బడి దాటి ఊళ్ళోకి పాకింది. టీ కొట్టు ముందు నుంచి పోతుంటే ఎవరో ఒకరు కేకేసేవారు.

"ఏంది మాస్టారూ, ఇయ్యాల రాణి తల తీశారా, రేపటికి ఉంచారా?"

కొత్త చీర కట్టుకున్న ఆడమనిషి కనిపిస్తే "ఫ్రెంచి రాణి పోతాంది చూడరా." పేకాటలో పొలం పోగొట్టుకున్న వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, "ఇంట్లో ఫ్రెంచి రాణి ఉంటే పొలం నిలబడుద్దా" అని వాడి పెళ్ళాన్ని అనేవారు. పేకాడింది వాడు! ఆవిడ మిరప చేలో నడుము విరుచుకునే మనిషి. అప్పట్లో అవన్నీ విని నేను మురిసిపోయేవాణ్ణి. నా పాఠం ఊరి నోళ్ళలో పడిందని. ఇప్పుడు తలుచుకుంటే ఆ పలక నా నెత్తినే కొట్టుకోవాలనిపిస్తుంది.

ఆ ఏడు తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల ఉండేది. మూడో బెంచీ. లెక్కల్లో క్లాసు ఫస్టు. మాట తక్కువ. బంగారు బండ్ల పీరియడ్‌లో లేచి నిలబడింది.

"పెళ్ళప్పుడు రాణికి ఎన్నేళ్ళు సార్?"

నాకు తెలియదు. తెలియదని చెప్పే అలవాటు అప్పటికి నాకు లేదు. "ఇరవై" అన్నాను. సినిమాల్లో పెళ్ళికూతుళ్ళకు ఉండే వయసు కదా అని.

ఆ పిల్ల కూర్చుంది. ఆ ప్రశ్న ఎందుకడిగిందో నేను ఆలోచించలేదు.

పిల్ల తండ్రి ఊళ్ళో పెద్ద రైతు, ఒక వర్గానికి నాయకుడు. కాలవ అవతలి ఊళ్ళో ఇంకో పెద్ద రైతు, ఇంకో వర్గానికి నాయకుడు. సాగర్ నీళ్ళు ఎవరికి ముందు వదలాలనే దగ్గర మొదలైన గొడవ, తలలు పగలడం దాకా వచ్చింది. రెండు వైపులా కేసులు. వాయిదా రోజున రెండు ట్రాక్టర్ల జనం గురజాల కోర్టు ముందు చెరో చెట్టు కింద దిగి, ఒకరి మొహం ఒకరు చూడకుండా సాయంత్రం దాకా కూర్చునేవాళ్ళు. చివరికి పెద్దమనుషులు కూర్చుని రాజీ కుదిర్చారు. కేసులు ఎత్తేసుకోవాలి. ఆ రాజీ నిలబడాలంటే మధ్యలో ఒక సంబంధం ఉండాలి. మా పల్నాడులో అదొక పద్ధతి, కాగితం మీద వేలిముద్రల కంటే గట్టిదని నమ్మకం. అవతలాయనకు ఇంటర్ తప్పిన కొడుకున్నాడు. ఇవతలాయనకు తొమ్మిది చదివే కూతురుంది. వేసవిలో పెళ్ళి.

ఇదంతా స్టాఫ్ రూంలో మా అందరికీ తెలుసు. "పోనీలే, ఊరు చల్లబడుద్ది" అన్నాం. నేనే అందరికంటే ముందన్నాను.

ఒకరోజు బడి వదిలాక ఆ పిల్ల లెక్కల నోటు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"సార్, రాణికి పెళ్ళప్పుడు ఇరవై అన్నారు గదా."

"అన్నాను."

"తప్పు సార్."

ఉద్యోగంలో చేరాక ఒక పిల్ల నాతో ఆ మాట అనడం అదే మొదలు. ఎవరు చెప్పారని గద్దించాను.

"మా నాన్న వాయిదాకి పోతా నన్ను, అమ్మని గుడ్డలు కొనేదానికి గురజాల తీసకపోయాడు. కోర్టు పని అయ్యేదాకా లైబ్రరీలో కూకున్నా. ఇంగ్లీషు పుస్తకంలో రాణి బొమ్మ ఉంది సార్. నాకు ఇంగ్లీషు రాదు. అంకెలొచ్చు గదా, నెలల పేర్లు కూడా వచ్చు." నోటు తెరిచింది. పదిహేడొందల డెబ్భై. దాని కింద పదిహేడొందల యాభై అయిదు. కింద గీత. "నవంబర్లో పుట్టింది. మే నెలలో పెళ్ళి. పదిహేను గూడా నిండలా సార్. పద్నాలుగే."

"అచ్చు తప్పు అయ్యుంటుంది" అన్నాను.

"రెండు చోట్లా అచ్చు తప్పేనా సార్?"

నేను గడియారం చూసుకున్నాను. పిల్ల కదల్లేదు.

"మా నాన్న రోజూ అంటాడు సార్, వాళ్ళింట్లో నిన్ను రాణిలాగా చూసుకుంటారే అని. రాణిని ఎట్టా చూసుకున్నారో చూద్దామని ఆ పుస్తకం తీశా." మళ్ళీ తనే అడిగింది. "ఆళ్ళ రెండు దేశాలకీ ముందు గొడవలని మీరే చెప్పారు గదా. పిల్లనిచ్చినాక ఆగినయ్యా సార్?"

చూడండి, ఒక మాస్టారుకు ఇంతకంటే మంచి ప్రశ్న ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఇంకొకటి రాదు. నేనేమన్నానో తెలుసా?

"అది సిలబస్‌లో లేదమ్మా" అన్నాను.

ఆ పిల్ల నోటు మూసింది. వెళ్ళబోతూ, "మీరు మా నాన్నతో ఒక్క మాట చెప్తారా సార్? పది అయిందాకా ఆగమని. మీరంటే ఆయనకి గురి" అంది. "చూద్దాంలే" అన్నాను.

అయినా ఆ తీసివేత నన్ను వదల్లేదు. ఒక సెలవు రోజున బస్సెక్కి నరసరావుపేట వెళ్ళాను. అక్కడ కాలేజీలో చరిత్ర చెప్పే స్నేహితుడొకడు ఉన్నాడు. వాడు లావుపాటి పుస్తకం తీసి చదివి తెలుగులో చెబుతుంటే నా చెవులు వేడెక్కాయి. పిల్ల లెక్క కరెక్టే. రాణికి పద్నాలుగు, రాజుకు పదిహేను. ఆమె పుట్టింటి రాజ్యానికీ మెట్టినింటి రాజ్యానికీ ఉన్న పాత పగలు చల్లార్చడానికి కుదిర్చిన పెళ్ళి. పొలిమేరలో ఒక గుడారంలో ఆ పిల్ల ఒంటి మీద పుట్టింటి బట్టలన్నీ విప్పించి మెట్టినింటివి కట్టారట. పెంచుకున్న కుక్కపిల్లను కూడా వెనక్కి పంపారట. ఏడేళ్ళు కడుపు పండలేదని ఊరూరా ఆమె మీదే పాటలు కట్టారట. మొగుడు పెళ్ళాం ఊసు పట్టకుండా సరదాకి తాళం కప్పలు చేసుకుంటూ కూర్చున్నా, ఆ మాట ఎవరూ పెద్దగా అనలేదట. చివరికి రెండు దేశాలకూ మళ్ళీ యుద్ధమే వచ్చింది. "అవతలి దేశపుది" అనే మాటతోనే ఆమెను చంపారు.

"మరి కేకు సంగతి?" అన్నాను.

"ఆమె అన్నట్టు ఎక్కడా లేదురా. ఎవరికో అంటగట్టిన మాట ఈమెకు అతికించారు" అన్నాడు వాడు.

కాదు, ఆవిడ దేవత అని నేను అనడం లేదు. రైతులు గడ్డి తింటుంటే నగలు పెట్టుకు తిరిగింది. నాకు మండేది అది కాదు. రాజు ఖజానా ఖాళీ చేసిన వాళ్ళు, యుద్ధాలు చేసిన వాళ్ళు, పన్ను ఎగ్గొట్టిన దొరలు, వాళ్ళ పేర్లు ఒక్కటి చెప్పమనండి ఎవరినైనా! పలకరు. రాణి జుట్టు ఎంత ఎత్తు అంటే చేతులు చాచి చూపిస్తారు. ఇప్పటికీ నా ఫోన్‌కు ఆవిడ గౌన్ల బొమ్మలు, ఆవిడ పెళ్ళి బొమ్మలు వస్తుంటాయి. పంపేవాళ్ళు నా దగ్గర చదువుకున్న వాళ్ళే. అది నా పంటే, నేనే కోసుకుంటున్నాను.

బస్సులో తిరిగి వస్తూ, పిల్ల తండ్రితో మాట్లాడి తీరాలని ఒట్టు పెట్టుకున్నాను. అవకాశం దానంతట అదే వచ్చింది. మూడో రోజే ఆయన స్టాఫ్ రూంకి వచ్చాడు. తెల్ల చొక్కా, భుజాన కండువా. నా ఎదుట కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఏంది మాస్టారూ, మా పిల్ల ఇంట్లో మీ రాణి కతే చెప్తాంది. చానా బాగా చెప్తారంట. ఈసారి వార్షికోత్సవానికి మా వియ్యంకుణ్ణి గూడా పిలుస్తన్నా. స్టేజీ మీద ఇద్దరం పక్కపక్కన కూకోవాల, రెండూళ్ళూ చూడాల. మా పిల్ల చేత ఆ రాణి వేషం వేయించు. దర్జాగా ఉండాల. మా కోడలు ఇట్టాటిది అని వాళ్ళు చెప్పుకోవాల."

నేను నోరు తెరిచాను. ఆయన ఇంకో మాటన్నాడు. "జిల్లాలో మీ అంత మాస్టారు లేడంట గదా."

నోరు మూశాను. "రాస్తానండీ" అన్నాను. పక్కనే పేపర్లు దిద్దుకుంటున్న లెక్కల మాస్టారు తలెత్తి నన్నొకసారి చూసి, మళ్ళీ దిద్దుకున్నాడు.

ఏకపాత్రాభినయం రాశాను. మీసం లేని దుర్యోధనుణ్ణి రాశాను అనుకోండి. "ఆకలా? రొట్టె లేదా? అయితే కేకు తినమనండి! హ హ హ!" కేకు మాట ఆమెది కాదని తెలిసే రాశాను. చప్పట్లు పడే చోటు అదే కాబట్టి. ఊరి వడ్రంగి చేత నిలువెత్తు గిలెటిన్ చేయించాను. రెండు గుంజలు, మధ్యలో వెండి రంగు పూసిన చెక్క, పైన బావి గిలక. చివర్లో రాణి తెర పక్కకు తప్పుకుంటుంది, ఆమె విగ్గు తొడిగిన సొరకాయ మీద కత్తి పడుతుంది. విగ్గుకు పత్తి ఆ పిల్ల వాళ్ళ చేలోదే. గింజ తీసి, జిగురు పెట్టి, మూరెడు ఎత్తు చేశాం.

రిహార్సల్స్‌లో ఆ పిల్ల నా మాటలు తప్పు లేకుండా చెప్పేది. మధ్యమధ్య అడిగేది. "తర్వాత ఏమయింది సార్?" కథ చెప్పమంటే నాకు నోరు ఆగదు. నరసరావుపేటలో విన్నదంతా చెప్పాను. పొలిమేర గుడారం, కుక్కపిల్ల, ఏడేళ్ళు, మళ్ళీ యుద్ధం, కేకు. చెప్పి, "ఇవన్నీ స్టేజీకి పనికిరావులే" అన్నాను. పిల్ల తలూపింది. నాన్నతో చెప్పారా అని మాత్రం మళ్ళీ అడగలేదు. అడిగితే బాగుండేది. కనీసం అబద్ధమైనా చెప్పేవాణ్ణి.

వార్షికోత్సవం రోజు రానే వచ్చింది. సాయంత్రం నాలుగింటికి మొదలు. వేదిక మీద ఇద్దరు పెద్దరైతులు ఒకే సోఫాలో, మధ్యలో మా హెడ్మాస్టరు గారు. వేదిక కింద ఎడమ వైపు మైకు సెట్టు. దాన్ని నడిపేది గురజాలలో రేడియోలు బాగుచేసే సాయిబు గారు. పెళ్ళిళ్ళకూ పీర్ల పండగకూ ఆయన హారన్లే. ఆయన పక్కన, వైర్లకు దగ్గరగా, కాగితాలు పట్టుకుని నేను.

పిల్ల వచ్చింది. వాళ్ళమ్మ పట్టుచీరతో కుట్టిన గౌను, నెత్తిన పత్తి విగ్గు. జనం ఈలలు. మొదటి పేరా నేను రాసినట్టే చెప్పింది. బంగారు బండి దిగింది, నవ్వింది, విసనకర్ర ఊపింది. వియ్యంకుడు సోఫాలో ముందుకు జరిగాడు. కేకు మాట దగ్గరికొచ్చి ఆగింది. మర్చిపోయిందేమో అని నేను కింద నుంచి అందించాను. "ఆకలా? రొట్టె లేదా?"

పిల్ల నా వైపు చూడలేదు. మామూలు గొంతుతో, ఇంట్లో మాట్లాడినట్టు మొదలుపెట్టింది.

"నేను పుట్టింది పదిహేడొందల యాభై అయిదు, నవంబరు. నా పెళ్ళి పదిహేడొందల డెబ్భై, మే నెల. పిల్లకాయలూ, తీసేయండి."

ముందు నేల మీద కూర్చున్న ఆరో తరగతి వాళ్ళు, బడిలో అలవాటు కదా, వేళ్ళు మడిచారు.

"పదిహేను!"

"ఒరేయ్, నవంబరు ఇంకా రాలేదు గదరా!"

"పద్నాలుగు! పద్నాలుగు!" అని అందరూ ఒక్క గొంతుతో అరిచారు.

జనం నవ్వారు. పిల్ల నవ్వలేదు.

"మా ఇంటికీ ఆళ్ళింటికీ పాత గొడవలు. అయన్నీ పోవాలని నన్నిచ్చారు. పొలిమేర కాడ నా గుడ్డలు తీసేసుకున్నారు, నా కుక్కపిల్లని తీసేసుకున్నారు. పిల్లలు లేరని నన్నే అన్నారు. కేకు మాట నేననలా, అదీ నాకే అంటగట్టారు. పోనీ గొడవలు ఆగినయ్యా అంటే, ఆగలా. మళ్ళా కొట్టుకున్నారు. అప్పుడు గూడా నన్నే, అవతలోళ్ళ పిల్ల అన్నారు."

పిల్ల సోఫా వైపు తిరిగింది.

"నాన్నా..."

అప్పుడు నేను మైకు వైరు పీకేశాను.

ఇదీ నేను ఇన్నేళ్ళూ దాచిపెట్టింది. ఎవరూ పీకమని చెప్పలేదు. హెడ్మాస్టరు గారు చెయ్యి ఊపలేదు. పిల్ల తండ్రి కన్నెర్ర చేయలేదు. నా చెయ్యి దానంతట అదే పోయింది. పిల్ల పెదవులు కదులుతున్నాయి. ఏం చెబుతోందో వేదిక మీద వాళ్ళకు తప్ప ఎవరికీ వినపడలేదు.

మైకు సాయిబు నన్ను తేరిపార చూశాడు. "బిడ్డ మాట ఇంకా కాలేదు గదా సారూ, వైరెందుకు పీకినావ్?" అని, నా చేతిలోంచి వైరు లాక్కుని మళ్ళీ పెట్టాడు. హారన్ కుయ్యిమంది. కానీ అప్పటికి పిల్ల చెప్పాల్సింది చెప్పేసింది.

వియ్యంకుడు గట్టిగా నవ్వాడు. "పిల్ల గడుసుదే!" అన్నాడు. తండ్రి తన చెప్పుల వైపు చూసుకుంటున్నాడు. ఇంతలో వెనక నుంచి కేకలు మొదలయ్యాయి.

"తలేదయ్యా? తల నరికేదెప్పుడు?"

"కత్తి పెట్టి ఊరుకుంటారా ఏంది!"

"నరకండి, నరకండి!"

ఒక పసిపిల్ల అంతసేపు నిలబడి తన గోడు చెప్పుకుంటే, వాళ్ళకు కావలసింది తల! బండ్లు కట్టుకుని వచ్చింది దానికోసం! నా ఒళ్ళు ఇప్పుడు మండుతోంది గానీ, ఆ రోజు మండలేదు. ఆ రోజు నాకు వినపడింది ఒక్కటే, నా ఐటమ్ పాడైపోతోందని. హెడ్మాస్టరు గారు పై నుంచి "ఏదో ఒకటి చెయ్యవయ్యా" అని పళ్ళు కొరికారు.

వేదిక ఎక్కాను. ఆ పిల్ల తల మీంచి విగ్గు తీశాను. నా చేత్తోనే సొరకాయకు తొడిగాను. మైకు ముందుకు వంగి, "రొట్టె లేకపోతే కేకు తినమన్నావు కదూ!" అని గర్జించి, గిలక మీద తాడు వదిలాను. చెక్క దిగింది. సొరకాయ రెండు ముక్కలై, పత్తి గాల్లోకి లేచింది. పిల్లకాయలు ముక్క కోసం వేదిక మీదికి ఎగబడ్డారు. మైదానం దద్దరిల్లింది. ఆ చప్పట్లు నావే. వంగి దణ్ణం పెట్టాను.

పక్కకు చూస్తే ఆ పిల్ల అక్కడే ఉంది. జుట్టులో రెండు మూడు పత్తి పీచులు అంటుకున్నాయి. సొరకాయను చూస్తోంది.

మర్నాడు స్టాఫ్ రూంలో అందరూ నా భుజం తట్టారు. సమయానికి భలే కాపాడావయ్యా అన్నారు. లెక్కల మాస్టారు ఒక్కడే, పేపర్లలోంచి తలెత్తకుండా, "పిల్ల లెక్క కరెక్టుగా చేసింది. నువ్వే తప్పు చేశావు" అన్నాడు. వేదిక మీద సోఫా వెనకే నిలబడ్డాడు కాబట్టి ఆయన విని ఉంటాడు. పిల్ల తండ్రితో ఏమందని అడిగాను. "తెలుసుకోవాలంటే వైరు ఉంచాల్సింది" అన్నాడు.

పెళ్ళి ఆగలేదు. మే నెలలోనే అయింది. నేను వెళ్ళాను. రెండోసారి లడ్డూ కూడా వేయించుకున్నాను. తండ్రి నా చేతులు పట్టుకున్న మాట నిజమే, అది పెళ్ళి పందిట్లో. "మాస్టారూ, భోంచేసి పోవాల" అన్నాడు. దాన్ని పట్టుకొచ్చి నేను కథలో అతికించాను. కేకు మాటను రాణికి అతికించినట్టే.

రెండు వేసవులు గడిచాయి. కాలవలో నీళ్ళు తగ్గాయి. తూము దగ్గర మళ్ళీ కర్రలు లేచాయి, మళ్ళీ వాయిదాలు, మళ్ళీ చెరో చెట్టు. రాజీ పోయింది. "అవతలోళ్ళ పిల్ల" అని అత్తగారి ఊరి వాళ్ళు ఆ అమ్మాయిని కాలవ గట్టు మీద దించి పోయారు. ఆ మాట స్టాఫ్ రూంలో విన్నప్పుడు ఎవరూ "ఊరు చల్లబడుద్ది" అనలేదు. మరి నేనెప్పటి నుంచి పెళ్ళి ఆపిన వీరుణ్ణయ్యానంటారా? ఇంకో ఊరికి బదిలీ అయ్యాక. అక్కడ తెలిసినవాళ్ళు లేరు. మొదట చెప్పినప్పుడు నోరు కొంచెం తడబడింది. ఆ తర్వాత అలవాటైపోయింది.

కాబట్టి కుర్ర మాస్టారూ, ఆ థర్మాకోల్ కత్తిని విరిచి పొయ్యిలో పెట్టండి. రాణి వేషం కోసం కొట్టుకుంటున్న ఆ ఆడపిల్లలను కూర్చోబెట్టి రాణి పుట్టిన సంవత్సరం, పెళ్ళయిన సంవత్సరం బోర్డు మీద రాయండి. తీసేయమనండి. తర్వాత వాళ్ళేం అడుగుతారో వినండి. నన్ను సన్మానానికి పిలిస్తే మాత్రం వస్తాను, రాకుండా ఉండలేను, నా బలహీనత నాకు తెలుసు. అందుకే ముందే ఇది రాసి పంపుతున్నాను, పిలవకుండా ఉంటారని.

ఇంకొక్క సంగతి. బదిలీకి ముందు చివరిసారిగా పది పరీక్షలకు గురజాలలో ఇన్విజిలేషన్ వేశారు. నా గది ప్రైవేటుగా కట్టినవాళ్ళది. కిటికీ పక్క బెంచీలో ఆ అమ్మాయి. సోషల్ పేపరు. ఫ్రెంచి విప్లవానికి కారణాలు రాయమన్నారు. రాణి ఊసే లేదు అందులో.

గంటన్నర తర్వాత లేచి నిలబడి, "అడిషనల్ సార్" అంది. కాగితం తీసుకెళ్ళాను. ఆమె రాస్తున్న పేజీ అంచున చిత్తు లెక్కలాగా చిన్న అంకెలు కనిపించాయి. పదిహేడొందల డెబ్భై, కింద యాభై అయిదు, కింద గీత. అడగని దానికి మార్కులు రావని చెప్పాల్సింది. చెప్పలేదు. కాగితం మీద సంతకం చేసి, దారం ఇస్తూ, ఇన్విజిలేటర్ మాట్లాడకూడదని తెలిసీ, గొంతు తగ్గించి అడిగాను.

"ఆ రోజు వైరు పోయాక మీ నాన్నతో ఏమన్నావమ్మా?"

ఆ అమ్మాయి తలెత్తి నా మొహంలోకి చూసింది. కోపం లేదు. దారం తీసుకుంది.

"అది సిలబస్‌లో లేదులే సార్" అని, రాసుకోవడం మొదలుపెట్టింది.